బావి గట్టు మీద చెప్పులు

జనవరి 13, సోమవారం

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఆరో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత నా వేళ్లకు పత్తి చేనులోనే పని. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడితే మన్నించాలి. ఇది ఎవరూ చదవకూడదనే రాస్తున్నాను. అయినా ముందుగా మన్నించమని అడగకుండా నాకు ఏ పనీ మొదలు కాదు.

ఈ పుస్తకం శివలీల అక్క ఇచ్చింది. ఆమె మా ఊరి నర్సు. బనగానపల్లె ఆస్పత్రి నుంచి నన్ను ఇంటికి తెచ్చిన రోజు వచ్చి, "నోటితో రానిది చేత్తో వస్తాది, రాసుకో పాపా" అని చేతిలో పెట్టింది. మొదటి రెండు పేజీల్లో ఊళ్లో పిల్లల బరువులు రాసి ఉన్నాయి. నా కూతురు నిస్సీ పేరు కూడా ఉంది. తొమ్మిది కిలోల రెండు వందలు. ఆ పేజీలు చింపలేదు.

నిస్సీ పక్క గదిలో ఉంది. నవ్వు వినిపిస్తోంది. బావి దగ్గర అది జరిగినప్పటి నుంచి పాపను నా చేతికి ఇవ్వడం లేదు. అత్త ఎత్తుకొని గడప అవతల నిలబడి చూపిస్తుంది. చూపించి తీసుకుపోతుంది.

కాలు జారింది. బావిలో పడ్డాను. అంతే జరిగింది.

జనవరి 14

మామ ఈ గది తలుపుకు బయట వైపు గడియ కొట్టాడు. ఆరు మేకులు. లెక్క పెట్టాను.

జనవరి 16, గురువారం

ఈ రోజు వేళ్లు కొంచెం వంగుతున్నాయి. జరిగింది వరసగా రాసి పెట్టుకోవాలి. లేకపోతే వాళ్లు చెప్పిందే నాకు గుర్తున్నట్టు అయిపోతుంది.

పోయిన వారం సోమవారం, ఆరో తేదీ. తెల్లవారి ఆరు గంటలకు కరెంటు వస్తుంది, మిరపకు నీళ్లు కట్టాలి. నిస్సీకి పాలిచ్చి అత్త పక్కన పడుకోబెట్టి చేనుకు పోయాను. మా బావికి మెట్లు సగం దాకానే ఉన్నాయి. అక్కడ ఒక రాతి అరుగు, దాని మీద మోటారు. మోటారు వేసే ముందు దాంట్లో ఒక బకెట్టు నీళ్లు పోయాలి. లేకపోతే గాలి పట్టి నీళ్లు ఎత్తదు. అరుగుకు నా ఎత్తున కింద నీళ్లు ఉన్నాయి. తాడు కట్టిన బకెట్టు వదిలి, నిండాక పైకి లాగుతుంటే ఎడమ కాలు పాచి మీద జారింది.

పడగానే ఊపిరి లోపలికి పోయింది, బయటికి రాలేదు. అరుద్దామంటే గాలి లేదు. ఒళ్లంతా ఒకేసారి చెంపదెబ్బ తిన్నట్టు అయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ రెండుసార్లు మునిగాను. మోటారు పైపు చేతికి తగిలింది. దాన్ని పట్టుకొని ఊపిరి దారిలో పడేదాకా కదలలేదు. తర్వాత పైపు మీద ఎక్కబోయాను. నున్నగా ఉంది. జారాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ జారాను. కదిలినప్పుడల్లా చలి కొత్తగా పట్టుకుంటోంది. అందుకని ఎక్కడం మానేసి మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాను. నిస్సీ నా కడుపులో అలా ముడుచుకొని ఉండటం స్కానింగులో చూపించారు.

ఇంకాసేపటికి వేళ్లు నా మాట వినలేదు. పట్టు తప్పితే పోతానని తెలిసింది. చీర విప్పాను. పైపు చుట్టూ తిప్పి, చంకల కింద నుంచి తెచ్చి, పళ్లతో ముడి బిగించాను. ఇక చేతులు వదిలేసినా మునగను.

పడమటి గోడ మీద ఎండ పడింది. రాయి తర్వాత రాయి దిగుతూ వస్తోంది. నా దాకా వస్తే బతుకుతాననుకున్నాను. ఎండ రాక ముందే వణుకు ఆగిపోయింది. చలి లేదు. హాయిగా నిద్ర వచ్చింది.

పదకొండు గంటలప్పుడు పక్క చేను రామాంజి, మా మడుల్లో నీళ్లు పారలేదేమని అటు వచ్చాడంట. గట్టు మీద నా చెప్పులు చూసి బావిలోకి తొంగి చూశాడంట.

ఆయన కంటే ముందు ఎవరూ రాలేదు. నాకు ఎవరి అలికిడీ వినబడలేదు.

జనవరి 17

నిన్న రాసింది మళ్లీ చదివాను. సరిగ్గానే ఉంది. ఎవరి అలికిడీ వినబడలేదు.

జనవరి 19, ఆదివారం

అందరూ ఆదివారం ప్రార్థనకు గుడికి పోయారు. పాప వాళ్ల నాయన నాకు కాపలా ఉన్నాడు. జయపాల్ అని ఆయన పేరు ఇక్కడ రాయడానికి కూడా చేయి వెనకాడుతోంది. ఆయన బేతంచర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, శనివారం వస్తాడు. ఎంత రుద్దుకున్నా చెవుల వెనక తెల్లటి రాతిపొడి పోదు. దాన్ని నేను తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఈ రోజు ఆయన తలుపు దగ్గరే కూర్చున్నాడు.

పాపకు అన్నం అలవాటు అవుతోందని చెప్పాడు. నేను చూసుకున్నాను, నా జాకెట్టు తడిసి ఉంది. ఆయన కూడా చూశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత అన్నాడు. "అంతా నన్నే అడుగుతాండారు. జారి పడిన మనిషి చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి పడుతుందా? చీర యాల విప్పె? మా నాయన ఎనిమిదింటికి బావికాడికి వచ్చి నిన్ను పేరు పెట్టి పిలిచినాడంట. నువ్వు పలకలేదంట, చేన్లో ఎక్కడో ఉండావులే అని తొంగి చూడకుండానే పోయినాడంట. ఈ మూడింటికి నేనేం చెప్పాల?"

చీర సంగతి చెప్పాను. మిగతా రెండూ చెప్పలేదు.

"రవంత గట్టిగా మాట్లాడు. నాకే వినపడదు నీ గొంతు" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఎక్కువ బాధ.

జనవరి 21, మంగళవారం

శివలీల అక్క వచ్చి వేళ్లు నొక్కి చూసింది. అత్త వింటుండగానే నాకు తెలియని గంటల సంగతి చెప్పింది.

నా చేతులు తాడు పట్టుకోలేక పోయాయంట. రామాంజి నులకమంచాన్ని నాలుగు తాళ్లతో దించి, నన్ను దాని మీద పడుకోబెట్టి, పడుకోబెట్టినట్టే పైకి లాగించాడంట. మంచిపని చేశాడు, నిలువునా లాగి ఉంటే పైకి వచ్చేసరికి ప్రాణం ఉండేది కాదు అని అక్క అంది. ఇంటికి తెచ్చాక మాత్రం అందరూ తలా ఒక పని మొదలుపెట్టారంట. ఇద్దరు నా కాళ్లు రుద్దుతున్నారంట. ఒకాయన బ్రాందీ సీసా తెచ్చాడంట. అత్త బాలింతకు పోసినట్టు పోద్దామని కాగులో నీళ్లు మరగబెట్టింది. అప్పుడు అక్క వచ్చి అన్నీ ఆపింది. రుద్దితే కాళ్లలో చల్లబడిన నెత్తురు ఒక్కసారిగా గుండెకు ఎక్కుతుందంట, మరిగే నీళ్లు పోసినా అంతేనంట. వణుకు ఆగిపోయిందంటే ఒళ్లు కుదుటపడిందని కాదు, వణకడానికి కూడా ఓపిక లేదని అర్థమంట.

తడిబట్టలు తీసేసి, ఒళ్లు అద్ది, తలతో సహా దుప్పట్లు చుట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టింది. అదీ చాలలేదు. "ఏసుమణి పెద్దమ్మా, నువ్వు జాకెట్టు ఇప్పి ఈ దుప్పట్లోకి దూరు. మనిషి వేడి మనిషికే పట్టాల" అందంట.

"ముసల్దానికి ఇప్పుడు శోభనమా శివలీలా?" అందంట అత్త. అని, దూరిందంట.

నూట ఎనిమిది బండి వచ్చేదాకా గంటన్నర నన్ను కరచుకొని పడుకుందంట. మళ్లీ వణుకు మొదలైనప్పుడు అత్తే ముందు ఏడ్చిందంట. గుక్కెడు గుక్కెడు వెచ్చని చక్కెర నీళ్లు ఆమే తాగించిందంట. నాకు అత్త నమిలే వక్కాకు వాసన ఒక్కటే గుర్తుంది.

అక్క ఇది చెబుతున్నంతసేపూ అత్త గోడ వైపు చూస్తూ నిలబడింది. అక్క పోయాక గడియ పెట్టింది.

జనవరి 22

నన్ను వెచ్చబెట్టిన ఒంటికే నా బిడ్డ అతుక్కొని ఉంది.

జనవరి 24, శుక్రవారం

మామ నాతో మాట్లాడడు. అరుగు మీద కూర్చొని అత్తతో మాట్లాడతాడు, నాకు వినబడేలా. పెళ్లయిన మూడేళ్లలో ఆయన ముందు నేను తల ఎత్తింది లేదు, పలికింది లేదు. పిలిస్తే వంటింట్లో గిన్నె చప్పుడు చేసేదాన్ని. ఉన్నాను అని దానికి అర్థం.

మామ దావీదురాజు మా సంఘానికి పెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకొనేది ఆయనే. ఈ రోజు అత్తతో అన్నది ఇది.

"దూకినానని రెండో తేదీ గుడిలో లేచి ఒక్క మాట ఒప్పుకోమను. ప్రాణం దేవునిది, తీసుకోబోయినా, తప్పయింది అని. అయ్యగారు ప్రార్థన చేస్తాడు. ఆ పొద్దే బిడ్డను చేతిలో పెడతాం. ఒప్పుకోకుండా అబద్ధం మీద ఉండే మనిషికి బిడ్డనెట్ల ఇస్తాం ఏసుమణీ? మళ్ల బిడ్డను చంకనేసుకొని పోతే?"

నా మీద కసితో అనలేదు. ఆయనకు నిజంగా భయం. అదే నన్ను కట్టేస్తోంది. కసి ఉంటే నేను కూడా కోప్పడేదాన్ని.

జనవరి 25

పాప వాళ్ల నాయన ఈ వారం రాలేదు. ఫోన్ చేశాడు. అత్త ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది, చేతికి ఇవ్వలేదు. "ఒక్క మాటే గదా. అనేస్తే అయిపోతాది, అందరూ మరిచిపోతారు" అన్నాడు. ఊ అన్నాను. ఊ అంటే సరేననా, విన్నాననా, నాకే తెలియదు.

జనవరి 28, మంగళవారం

చెప్పుల సంగతి.

మా ఊరు బద్వేలు దగ్గర. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను అంజనమ్మ అవ్వ పెంచింది. అవ్వ ముసలితనంలో బాప్తిస్మం తీసుకుంది. బొట్టు మానేసింది, జాతర మానేసింది, చెప్పులు విప్పడం మాత్రం మానలేదు. బావి దగ్గర, కాలవ దగ్గర, చివరికి వీధి కొళాయి దగ్గర కూడా. "నీళ్లను తొక్కుకుంటూ పోకూడదు మే, గంగమ్మ" అనేది. చెప్పులతో బావి మెట్టు దిగితే నా పిక్క మీద కొట్టేది. ఇప్పుడు నాకు గంగమ్మ గుర్తుకు రాదు. పిక్కకు మాత్రం గుర్తుంది. బావి కనబడితే కాళ్లే చెప్పులు వదిలేస్తాయి.

ఈ మాట మామకు ఎలా చెప్పాలి? దూకలేదు మామా, గంగమ్మకు చెప్పులు విప్పాను అని సంఘపెద్దకు చెప్పాలా? ఒక పాపం కాదని చెప్పుకోవడానికి ఇంకో పాపం ఒప్పుకోవాలి. అలా చెబితే చనిపోయిన అవ్వ బాప్తిస్మం మీద కూడా మాట వస్తుంది.

ఆ చెప్పులు లేకపోతే రామాంజి తొంగి చూసేవాడే కాదు. ఇది ఎవరికీ తట్టలేదు.

జనవరి 30

ఒప్పుకుంటాను.

గోడకు చెప్పి చూశాను. దూకినాను, తప్పయింది. దూకినాను, తప్పయింది. మూడోసారికి అది నిజమేమో అనిపించింది. బావి గట్టు మీద నుంచి దూకినట్టు కూడా కనబడింది.

పాలు ఇంకిపోయాయి. జాకెట్టు పొడిగా ఉంది.

ఫిబ్రవరి 1, శనివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

రేపటి బల్ల కోసం రొట్టె, ద్రాక్షరసం తేవడానికి మామ పొద్దున్నే బండి మీద బనగానపల్లె పోయాడు. ఈ వారం కరెంటు వంతు మారింది, తొమ్మిదికి వచ్చింది. నాలుగు రోజులుగా మిరపకు తడి లేదు, ఆకులు ముడుచుకున్నాయి. ఇన్నాళ్లూ మా మోటారు వేసిన రామాంజి ఊళ్లో లేడు. అత్త కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. నన్ను ఒంటరిగా ఇంట్లో వదలదు. చివరికి గడియ తీసి, "నడువ్, నా ముందర నడువ్" అంది. నిస్సీ ఆమె చంకలో ఉంది. పాప నా వైపు చేతులు చాచింది. అత్త ఆ చేతులను కొంగులోకి మడిచింది.

ఇరవై ఆరు రోజుల తర్వాత ఎండలో నడిచాను. కళ్లు మండాయి.

మెట్ల మీద కంపచెట్టు కొమ్మ అడ్డం వేసి ఉంది. అత్త దాన్ని ఒక చేత్తో లాగి పారేసింది. బకెట్టు తీసుకుంది. అప్పుడు ఆగింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చంకలో బిడ్డ. బిడ్డతో ఆ మెట్లు దిగలేదు. బిడ్డను కింద వదిలితే పాకుతుంది. అక్కడ ఉన్నది నేను ఒక్కదాన్నే.

నేను ఆమె ముఖం చూడలేదు, కిందికి చూశాను. నాకు అలవాటే. అందుకే కనబడింది. అత్త ఆలోచిస్తూ, బావి వైపే చూస్తూ, కుడికాలు చెప్పు వదిలింది. ఎడమకాలు చెప్పు వదిలింది. కాలివేళ్లతోనే రెండిటినీ జతగా జరిపింది.

నేను తల ఎత్తలేదు. చెప్పులనే చూస్తున్నాను. అత్త కూడా కిందికి చూసింది.

మిరపలో ఏదో పిట్ట అరుస్తోంది.

"మాయమ్మ కొట్టేది" అంది అత్త.

"మా అవ్వ కూడా" అన్నాను.

నిస్సీని నా చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె చేతులు ఒకసారి బిగిసి, తర్వాత వదిలాయి. పాప బరువు తగ్గింది. నా మెడలో ముఖం పెట్టి వాసన చూసింది, తర్వాత జాకెట్టు పట్టుకుంది.

అత్త నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "మే, నువ్వు పలుకుతా ఉండు. నీ గొంతు నాకు వినపడతా ఉండాల" అంది.

ఏం పలకాలి? నోరు తెరిచాను, రాలేదు. అత్త తల మెట్ల మలుపులో కనబడకుండా పోయింది. అరుగు గుర్తుకు వచ్చింది. ఎడమ పక్క పాచి. అప్పుడు గొంతు దానంతట అదే వచ్చింది. "అత్తా, అరుగు మీద ఎడమపక్క పాచి ఉండాది, కుడిపక్క నిలబడు" అన్నాను. బావి ఆ మాటను తిరిగి నాకే చెప్పింది. నాది అంత పెద్ద గొంతు అని నాకు తెలియదు. నిస్సీ ఉలిక్కిపడి నవ్వింది.

ఆ తర్వాత ఆపలేదు. తాడు గట్టిగా పట్టుకోమన్నాను. సగం బకెట్టే లాగమన్నాను. పైపు చూడమన్నాను. మోటారు మొదలైంది. అప్పుడే దారి మీద మామ బండి వచ్చి ఆగింది. సంచీ బండికే వదిలి చేనుగట్టు మీద పరుగెత్తి వచ్చాడు. నేను బావి గట్టు మీద, చేతుల్లో పాప, పక్కన ఖాళీ చెప్పుల జత. ఆయన ముఖం ఎండిపోయింది.

"అత్త మోటారుకు నీళ్లు పోస్తాంది మామా" అన్నాను. ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే.

అత్త పైకి వచ్చింది. మామ ఆమెను చూశాడు, చెప్పులను చూశాడు. అత్త గమ్మున చెప్పులు తొడుక్కుంది. ఆయన అత్తనేమీ అడగలేదు. నన్ను అడిగాడు, నన్నే, ముఖం చూసి. "నీ గొంతు దారి దాకా వినపడింది, బండి చప్పుడులో గూడా. ఆ పొద్దు నేను ఇంకా దగ్గరికి వచ్చి పిలిచినా. నువ్వు పలకలేదు."

ఈ పుస్తకంలో రెండుసార్లు అబద్ధం రాశాను. ఆ పొద్దు మామ బండి చప్పుడు విన్నాను. స్టాండు వేసిన చప్పుడు విన్నాను. రెజీనా అని రెండుసార్లు పిలిచాడు. అప్పుడు గొంతులో గాలి ఉంది, పలకగలిగేదాన్నే.

"విన్నా మామా. ఒంటి మీద చీర ల్యాదు" అన్నాను.

ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మా ఇద్దరి వైపు చూడకుండా బండి దగ్గరికి నడిచిపోయాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

గుడికి పోయాను. నిస్సీ నా ఒడిలోనే ఉంది. పాప వాళ్ల నాయన మగవాళ్ల వరసలో నుంచి నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. బల్ల వేళ అయ్యగారు మామను పళ్లెం పట్టుకోమని పిలిచాడు. మామ లేవలేదు. గుమ్మం దగ్గర చివరి వరసలో కూర్చున్నాడు, ఈ నెల తాను రొట్టె తీసుకోనని చెయ్యి ఊపాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నన్ను కూడా లేచి ఒప్పుకోమని ఎవరూ అడగలేదు. అత్త నా మోచేయి పట్టుకొని బల్ల దగ్గరికి నడిపించింది.

ఇంటికి వచ్చాక మామ సుత్తి తీసుకొని బయటి గడియ ఊడబీకాడు. ఐదు మేకులు వచ్చాయి. ఒకటి తల విరిగి తలుపులోనే ఉండిపోయింది.

శివలీల అక్కా, రేపు నువ్వు పాప బరువు చూడటానికి వస్తావు. ఈ పుస్తకం నీకే ఇస్తాను. ఎవరికీ చూపించకూడదనే మొదలుపెట్టాను, కానీ ఒక్క మాట ఎవరికైనా చెప్పకపోతే మళ్లీ చలి ఎక్కుతుంది. మామకు అది చెప్పలేదు. ఆ పొద్దు ఆయన పిలిచి పిలిచి బండెక్కి పోతుంటే, ఆ చప్పుడు దూరమయ్యే కొద్దీ నాకు హమ్మయ్య అనిపించింది. నేను దూకలేదు అక్కా. కానీ హమ్మయ్య అనుకున్నాను. ఇది దూకడం కాదని నువ్వు ఒక్కసారి నాతో అను. చదివాను అని మాత్రం అనొద్దు.

మొదటి రెండు పేజీలు పిల్లల బరువులవి, చింపి ఉంచుకో. మిగిలింది పొయ్యిలో పెట్టు. పూర్తిగా కాలేదాకా పక్కనే నిలబడు.